రోలర్స్ మీద తొక్కిన రాత్రే ట్యూబ్‌లెస్ టైర్లో గాలి దిగుతోంది, వెనక చక్రం దడదడ కొడుతోంది

మూడు డ్రమ్ములు:

నమస్తే అండి. వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నా, చూసి ఎక్కడ వెతకాలో చెప్పండి.

రోలర్స్‌కి (ఇంట్లోనే తొక్కడానికి సైకిల్ చక్రాల కింద పెట్టే, తిరిగే డ్రమ్ముల చట్రం) అల్యూమినియం డ్రమ్ములు మూడు, ఒక్కోటి 11 సెం.మీ. వ్యాసం. సైకిల్ డిస్క్ బ్రేకుల రోడ్ బైక్. 700×28 ట్యూబ్‌లెస్ రెడీ టైర్లు, రిమ్ లోపలి వెడల్పు 21 మి.మీ., హుక్ (టైరు అంచుని పట్టుకునే వంపు) ఉన్న రిమ్ములే. చక్రానికి 40 మి.లీ. సీలెంట్ (టైరు లోపల ఉండి రంధ్రాల్ని మూసే ద్రవం) పోసి నాలుగు నెలలు దాటింది. బయటికి వెళ్తే 65 పీఎస్ఐ, రోలర్స్‌కి 80 కొడుతున్నా. టైరు మీదా రిమ్ మీదా రాసిన గరిష్ఠ హద్దులు రెండూ అంతకన్నా ఎక్కువే.

సమస్య ఇది. సాయంత్రం గది 30 డిగ్రీలప్పుడు 80 కొట్టి, గంటకి 30 కి.మీ. వేగంతో 45 నిమిషాలు తొక్కి దిగగానే చూస్తే వెనక టైరు 85 చూపిస్తోంది. పొద్దున్న చూస్తే 73. అదే టైరు రోడ్డు మీద తిరిగిన రోజు రాత్రికి రెండో మూడో తగ్గుతుంది, అంతే. ముందు టైరు రోలర్స్ మీద కూడా బాగానే ఉంటోంది.

రెండోది, మొదలుపెట్టగానే వెనక చక్రం దడదడ కొడుతుంది. నిమిషం పోయాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, వేగం పెంచితే మళ్ళీ పైకొస్తుంది.

ఇంకోటి, వెనక డ్రమ్ము ఎడమ వైపు తెల్లగా, జిగటగా చుక్కలు పడుతున్నాయి. కింద నల్లటి పొడి. టైరు మార్చాలా, రిమ్ లోపల స్పోక్ బెజ్జాల్ని మూసే టేపు మార్చాలా, అసలు రోలర్స్ మీద ట్యూబ్‌లెస్ వాడకూడదా?

గేజ్ గోపాలం:

ముందు లెక్క తేల్చుకుందాం, టైరు తర్వాత విప్పుదురు గాని.

85 నుంచి 73కి వచ్చిందంటే 12 పోయినట్టు కనపడుతుంది. అందులో సగం అసలు లీకే కాదు. గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 కొట్టిన టైరు లోపల గాలి 47 డిగ్రీలకి చేరితే గేజ్ 85 చూపిస్తుంది. అంటే మీరు దిగగానే చూసింది వేడి మీద కొలత. చల్లారితే అది తిరిగి 80కి రావాల్సిందే. పొద్దున్న గది 26కి దిగి ఉంటే ఇంకో పీఎస్ఐ పైచిలుకు దానంతటదే తగ్గుతుంది.

ఇక పంపు తగిలించిన ప్రతిసారీ టైర్లో గాలి కొంత ఖాళీ గొట్టంలోకి పోతుంది. 28 టైర్లో పట్టేది సుమారు 1.3 లీటర్లే. మీటరు పొడుగు గొట్టం నింపడానికే ఒక పీఎస్ఐ అయిపోతుంది, తగిలించేటప్పుడు 'సుయ్' మన్నదాన్నీ కలిపితే ఒక్కోసారి రెండు. మీరు రాత్రోసారి, పొద్దున్నోసారి కొలిచారు. ఇవన్నీ తీసేస్తే నిజంగా కారింది నాలుగైదు పీఎస్ఐ ఉంటుంది. అది కూడా పట్టించుకోవాల్సిందే, కానీ టైరు పారేసేంత కాదు.

సరిగ్గా తెలియాలంటే తొక్కకముందు ఒకసారి, తొక్కిన మర్నాడు అదే గదిలో దాదాపు అదే వేడి ఉన్నప్పుడు ఒకసారి, ఒకే గేజ్‌తో చూడండి. మధ్యలో ముట్టుకోవద్దు. తర్వాత ఒక రోజు తొక్కకుండా ఊరికే నిలబెట్టి అదే పని చేయండి. రెండు రోజులూ ఒకేలా తగ్గితే రోలర్స్‌కి సంబంధం లేదు. తొక్కిన రోజు మాత్రమే ఎక్కువ తగ్గితే, టైరు నలిగినప్పుడు తెరుచుకునే చోటేదో ఉందని అర్థం.

ఎందుకు నలుగుతుందంటే, చదునైన నేల మీద టైరు కొంచెమే అణుగుతుంది. 11 సెం.మీ. డ్రమ్ము దానిలోకి దిగబడుతుంది, చపాతీ పిండిలోకి కర్ర దిగినట్టు. అదే టైరు, అదే గాలి, అదే బరువు ఉన్నా ఆ సైజు డ్రమ్ము మీద దొర్లుడు నిరోధం నేల మీద కన్నా సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. ఆ అదనపు శ్రమంతా టైర్లో వేడి అవుతుంది. చిన్న డ్రమ్ము అయితే ఇంకా ఎక్కువ. రోలర్స్ తయారుచేసే క్రైట్లర్ వాళ్ళు 4.5, 3, 2.25 అంగుళాల డ్రమ్ములు విడివిడిగా అమ్మేది అందుకే, డ్రమ్ము చిన్నదయ్యేకొద్దీ తొక్కడం బరువవుతుంది.

పైగా వెనక చక్రం రెండు డ్రమ్ముల మధ్య కూర్చుంటుంది. ఒక్క చుట్టుకి రెండుసార్లు నలుగుతుంది. 45 నిమిషాల్లో చక్రం పదివేల చుట్లు పైనే తిరుగుతుంది కాబట్టి టైర్లో ప్రతి చోటూ ఇరవై వేల సార్లు వంగి లేస్తుంది. మీ ముందు టైరు బాగుండటానికి కారణం ఇదే, దానికి ఒక్క డ్రమ్మే, బరువూ తక్కువే.

తడి గుడ్డ:

లెక్క బాగుంది. ఆ నాలుగైదు ఎక్కడ పోతోందో వెతికే వరస నేను చెప్తా. తేలికగా విప్పగలిగేవి ముందు, టేపు ఆఖరున.

1. వాల్వు కోర్, అంటే వాల్వు లోపల గాలిని ఆపే, విప్పదగ్గ చిన్న ముక్క. చక్రాన్ని వాల్వు పైకి వచ్చేలా పెట్టి మొన మీద సబ్బు నీటి చుక్క వేయండి. బుడగ ఉబ్బితే కోర్ వదులైనా అయ్యుండాలి, సీలెంట్ గడ్డకట్టి మూసుకోకుండా పట్టుకునైనా ఉండాలి. గాలి పూర్తిగా తీసేసి కోర్ టూల్‌తో విప్పండి. రబ్బరు సీటు మీద తెల్ల పొర ఉంటే గోటితో ఒలిచేయండి. బిగించేటప్పుడు వేళ్ళతో ఆగేదాకా, ఆపైన టూల్‌తో కొంచెం. పీక పిసికినట్టు బిగిస్తే అది ఇత్తడి, తెగుతుంది. గాలి కొడుతుంటే పంపు బరువుగా తగిలినా గేజ్ సూది గబుక్కున ఎగిరిపడినా కోర్ పూడుకుపోయిందనే లెక్క. కొత్త కోర్ వేయడమే నయం, దానితో కుస్తీ పడక్కర్లేదు.

2. కోర్ విప్పారు కాబట్టి సీలెంట్ కూడా కొలిచేయండి. వాల్వు అడుక్కి వచ్చేలా చక్రాన్ని తిప్పి ఐదు నిమిషాలు ఆగండి. సన్నటి ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి వాల్వు గొట్టంలోంచి నెమ్మదిగా కిందికి దించండి, బండి ఇంజనాయిల్ చూసినట్టు. కొన తడిగా వస్తే ఇంకా ఉంది. పొడిగా వచ్చినా, కొనకి జీళ్ళలాంటి ముక్కలు అంటుకున్నా అయిపోయింది. నాలుగు నెలలు, మన ఎండాకాలం, పైగా రోలర్స్ వేడి. ఎండిపోయిందనే నా అంచనా. 28 టైరుకి 30 నుంచి 40 మి.లీ. చాలు, సిరంజితో అదే గొట్టంలోంచి పోయొచ్చు. సీసాని బాగా కుదపండి, పంచర్‌ని పూడ్చే రేణువులన్నీ అడుక్కి చేరి ఉంటాయి.

3. ఇప్పుడు టబ్బు. స్నానం టబ్బు లేకపోయినా బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు సరిపోతుంది. 80కి కొట్టి రిమ్ అడుగు భాగం మాత్రం మునిగేలా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. హబ్బు నీళ్ళలోకి పోకూడదు. డిస్క్ రోటర్ (బ్రేకు పళ్ళెం) ఊడదీస్తే మంచిది. తీయకపోతే దాని మీద సబ్బు గానీ జిడ్డు గానీ పడనివ్వద్దు. బుడగలు టైరు అంచు దగ్గర వస్తే బీడ్, అంటే రిమ్‌లో కూర్చునే టైరు గట్టి అంచు. టైరు పక్క గోడ నిండా గుండుసూది మొనల్లా వస్తే గోడే కారుతోంది. స్పోక్ నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) దగ్గర వస్తే గాలి రిమ్ లోపలి బోలులోకి దూరుతోంది.

మీరు చెప్పిన తెల్ల చుక్కలు పక్క గోడ నుంచే అనుకుంటున్నా. పల్చటి గోడ ఉన్న టైర్లలో దారాల మధ్య సన్న రంధ్రాలు సహజం. సీలెంట్ వాటిని పల్చటి పొరతో మూస్తుంది. డ్రమ్ము మీద గోడ మాటిమాటికీ వంగుతుంటే ఆ పొర చిట్లుతుంది, వేడికి పల్చబడిన సీలెంట్ బయటికి చిమ్ముతుంది. రోడ్డు మీద అంత వంగదు కాబట్టి అక్కడ బయటపడదు.

దానికి మందు చిన్నదే. తాజా సీలెంట్ పోసి, చక్రాన్ని కుదిపి, బకెట్టు మీద ఎడమ గోడ కిందికి వచ్చేలా పడుకోబెట్టండి, పది పదిహేను నిమిషాలు. తర్వాత తిప్పేసి రెండో వైపు. ఆ వెంటనే రోలర్స్ మీద పది నిమిషాలు తేలిగ్గా తొక్కండి. రెండు మూడు సార్లకి ఆగుతుంది. గోడ మీద దారాలు పైకి తేలి పీచులా కనపడుతుంటే మాత్రం దాని ఆయుష్షు అయిపోయినట్టే.

డ్రమ్ము మీద ఎండిన సీలెంట్‌ని గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకేసి, గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో తుడవండి. మీవి అల్యూమినియం కాబట్టి చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పర్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములున్నవాళ్ళు ఎవరూ దాని మీద పెట్రోలు, థిన్నరు పోయకండి.

మూడు డ్రమ్ములు:

ఇద్దరికీ థాంక్స్ అండి. కేబుల్ టై పొడిగా వచ్చింది. టబ్బులో పెడితే ఎడమ గోడ మీద ఐదారు చోట్ల సన్న బుడగలు, అది కాక వాల్వుకి ఎదురు వైపున్న రెండు నిపుల్స్ దగ్గర కూడా వస్తున్నాయి. అంటే టేపు అక్కడే చిరిగిందా?

తడి గుడ్డ:

అక్కడే అని చెప్పలేం. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. రిమ్ లోపల అంతా ఒకే బోలు. టేపు ఎక్కడ చిరిగినా, వాల్వు అడుగున రబ్బరు సరిగ్గా కూర్చోకపోయినా గాలి ఆ బోలులోకే పోతుంది. అక్కణ్ణుంచి ఏ నిపుల్ వదులుగా ఉంటే దాంట్లోంచి బయటికొస్తుంది. ఇంటి పైకప్పు కురిసేది ఒకచోట, గోడ తడిసేది ఇంకోచోట.

ముందు వాల్వు నట్టు చూడండి. చక్రం టబ్బులో ఉండగానే వాల్వు మొనని లోపలికి, టైరు వైపుకి కొంచెం నొక్కి వదలండి. నిపుల్స్ దగ్గర బుడగలు పెరిగినా తగ్గినా కారేది వాల్వు అడుగునే. గాలి తీసేసి, వాల్వుని టైరు వైపు నుంచి రిమ్ బెజ్జంలోకి లాగి పట్టుకుని నట్టు వేళ్ళతో బిగించండి. పట్టకారు వద్దు. పంచర్ పడ్డప్పుడు రోడ్డు మీద ఆ నట్టు చేత్తో ఊడిరావాలి. పైగా అతిగా లాగితే రబ్బరు అడుగు నలిగి టేపునే చీలుస్తుంది.

దానికీ ఆగకపోతే టేపే. ఎలా వేయాలో కాస్త వివరంగా రాస్తా, ఇందులో తొందరపడితే మళ్ళీ మొదటికే వస్తుంది.

మీ రిమ్ లోపలి వెడల్పు 21 కాబట్టి 23 నుంచి 25 మి.మీ. టేపు తీసుకోండి. రిమ్ నడిమి గుంతనంతా కప్పి, బీడ్ కూర్చునే రెండు గట్ల మీదికీ ఎక్కాలి, హుక్ గోడ మీదికి మాత్రం పాకకూడదు. పాత టేపు పీకేశాక జిగురు మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి, ఆ గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా. పది నిమిషాలు ఆరనివ్వండి. టబ్బులో ముంచారు కదా, రిమ్ లోపల నీళ్ళు ఉంటాయి. వాల్వు బెజ్జం కిందికి పెట్టి కారనివ్వండి, లేకపోతే టేపు వేసిన రెండో రోజే లేచిపోతుంది.

వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టండి. ఎడంచేత్తో చక్రం, కుడిచేత్తో చుట్ట, మధ్యలో టేపు చెవికి దగ్గరగా మీటితే మోగేంత బిగువుగా ఉండాలి. వదులుగా వేస్తే గుంతలో గాలి పొర మిగిలి, 80 పీఎస్ఐకి అది సాగి స్పోక్ బెజ్జాల అంచుల మీద చిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయ్యాక మొదలుపెట్టిన చోటు దాటి 10 సెం.మీ. ఇంకా వేసి కోయండి. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని మధ్య నుంచి అంచులకి రుద్దుకుంటూ పోండి.

వాల్వు బెజ్జానికి కత్తితో కోత పెట్టొద్దు. కోత పాకుతుంది. సన్న దబ్బనం గానీ, మొన కాల్చిన మేకు గానీ గుచ్చితే అంచు గుండ్రంగా వస్తుంది. అప్పుడే వాల్వు బిగించి సీలెంట్ పోయకండి. ఒక మామూలు ట్యూబు వేసి టైరు ఎక్కించి 50–60 పీఎస్ఐతో రాత్రంతా ఉంచండి, టేపు రిమ్‌కి అతుక్కుపోతుంది. ట్యూబు వేసేటప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వు తీసేయాలి, మర్చిపోరనుకుంటా. మర్నాడు ఒక్క వైపు బీడ్ మాత్రమే విప్పి ట్యూబు లాగేస్తే రెండో వైపు బీడ్ కూర్చునే ఉంటుంది, గాలి పట్టించడం సగం తేలిక.

చక్రం చాలదు:

లీకు సంగతి తేలింది కాబట్టి దడదడ గురించి. దీనికి కారణాలు నాలుగైదు ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం తేలిక.

ముందు చప్పుడు దేనిదో పట్టుకోవాలి. 700×28 చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, మీ డ్రమ్ముది 34.5 సెం.మీ. గంటకి 30 కి.మీ. దగ్గర చక్రం సెకనుకి నాలుగు చుట్లు, డ్రమ్ము 24 చుట్లు. డ్రమ్ము వంకరగా ఉన్నా, దాని మీద సీలెంట్ గడ్డ అంటుకున్నా అది 'దడ దడ' కాదు, 'గుర్ర్' మని ఏకధాటిగా ఉంటుంది. 15 కి.మీ.కి తగ్గిస్తే చక్రానిది సెకనుకి రెండు దెబ్బలు, వేళ్ళతో లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మధ్య డ్రమ్ము నుంచి ముందు డ్రమ్ముకి పోయే బెల్టు పొడుగు కూడా దాదాపు రెండు మీటర్లే. బెల్టు అతుకు గట్టిపడి ఉంటే అదీ ఇంచుమించు చక్రం లెక్కకే కొడుతుంది, మీరు టైరుని అనుమానిస్తూ కూర్చుంటారు. అందుకని బెల్టు తప్పించి, ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, పెడల్‌ని చేత్తో తిప్పి చూడండి. బెల్టు లేకుండా ఎక్కి తొక్కే ప్రయత్నం చేయకండి, ముందు చక్రం తిరగదు, మనిషి నిలబడడు.

చక్రానిదే అని తేలాక, సీట్ స్టేకి (వెనక చక్రం పక్కన సీటు కిందికి పోయే ఫ్రేము గొట్టం) ఒక పెన్సిల్ రబ్బరు బ్యాండుతో కట్టి, మొన టైరు నడినెత్తికి 1 మి.మీ. దూరంలో ఉంచి నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ఖాళీ పెద్దదైతే అక్కడ టైరు లోపలికి దిగి ఉంది. ఒకచోట పెన్సిల్‌కి తగిలితే ఉబ్బు. ఖాళీ ఎక్కడా మారకపోతే టైరు గుండ్రంగానే ఉంది, తేడా బరువులో ఉంది.

దిగి ఉంటే బీడ్ సరిగ్గా కూర్చోలేదు. టైరు గోడ మీద రిమ్‌కి సమాంతరంగా ఒక సన్న గీత అచ్చు పోసి ఉంటుంది. అది చుట్టూ ఒకే ఎత్తులో కనపడాలి. ఒకచోట రిమ్ లోపలికి మాయమవుతుంటే దోషం అక్కడే. గాలి తీసి, ఆ జానెడు మేర రెండు బీడ్‌లనీ బొటనవేళ్ళతో గుంతలోకి తోసి, అంచుకి సబ్బు నీళ్ళు రాసి, కోర్ తీసేసి ఒక్క ఊపున గాలి కొట్టండి. టప్ మని ఎక్కుతుంది. టైరు మీద, రిమ్ మీద ఉన్న హద్దుల్లో ఏది తక్కువైతే అది దాటొద్దు. ఎక్కకపోతే సబ్బు ఇంకాస్త రాయండి, గాలి ఇంకాస్త కాదు.

ఉబ్బు కనిపిస్తే మాట్లాడేదేం లేదు, లోపలి దారాలు తెగాయి. ఆ టైరుతో రోలర్స్ కూడా ఎక్కొద్దు.

మీ విషయంలో అది బరువు తేడా అనిపిస్తోంది. నిమిషానికి తగ్గడం, పూర్తిగా పోకపోవడం, వేగానికి పెరగడం, మూడూ దానికే సరిపోతాయి. ద్రవంగా ఉన్న సీలెంట్ నిలబెట్టినప్పుడు అడుక్కి చేరుతుంది, 30 కి.మీ. వేగం వస్తే లోపల చుట్టూ సమంగా పరుచుకుంటుంది, అప్పుడు దానంతటదే పోతుంది. కానీ మీ కేబుల్ టై పొడిగా వచ్చింది. అంటే సైకిల్ రోజూ ఒకే భంగిమలో నిలబడి, సీలెంట్ ఒకేచోట గడ్డకట్టి ఉంటుంది. మొదట్లో ఎక్కువ దడ టైరు నిలబడ్డచోట కొంచెం చదునైనందుకు, అది వేడెక్కితే సర్దుకుంటుంది. మిగిలిన దడ గడ్డది.

పది గ్రాముల గడ్డే కదా అనుకోకండి. 30 కి.మీ. దగ్గర అది దాదాపు 200 గ్రాముల బరువులా రిమ్‌ని బయటికి లాగుతుంది, 50 దగ్గర అరకిలో పైనే. రోడ్డు మీద గతుకుల్లో కలిసిపోతుంది. నున్నటి డ్రమ్ముల మీద మాత్రం సైకిల్‌ని పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి ప్రతి చుట్టుకీ తెలుస్తుంది.

టేపు మారుస్తున్నప్పుడు టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి. గడ్డ దొరికితే ఒక కొన లేపి నెమ్మదిగా లాగండి, పాల మీగడలా పొరగా వచ్చేస్తుంది. కత్తి, బ్రష్ వాడొద్దు.

ట్యూబు పార్టీ:

ఇంత కష్టపడే బదులు ఒక్క మాట అడుగుతా. గదిలో ముళ్ళుంటాయా, గాజు పెంకులుంటాయా? పంచరే పడని చోట సీలెంట్ చేసే పనేముంది, వేడికి ఎండటం తప్ప? రోలర్స్‌కి పాత వెనక చక్రం ఒకటి, మామూలు బ్యూటైల్ ట్యూబు, అరిగిన నున్నటి టైరు. అయిపోయింది. ముందు చక్రం మార్చక్కర్లేదు.

చక్రం చాలదు:

వారంలో నాలుగు రోజులు రోలర్సే అయితే మీ మాట నిజం. ఒకటి రెండు రోజులకైతే రెండో చక్రం ఖర్చు దండగ, క్యాసెట్టు (వెనక గేరు పళ్ళ చక్రాల గుత్తి) కూడా ఇంకోటి కొనాలి. రెండు హబ్బుల్లో రోటర్ ఒకే చోట కూర్చోకపోతే చక్రం మార్చిన ప్రతిసారీ బ్రేక్ కాలిపర్ సర్దుకోవాలి, లేదా రోటర్ కింద పల్చటి వాషర్లు వేయాలి. ఉన్న చక్రంలోనే వారానికోసారి ట్యూబు వేసి తీసి చేయడం మాత్రం వద్దు, బీడ్ సాగుతుంది, టేపు లేస్తుంది.

ట్యూబు పార్టీ:

అది ఒప్పుకుంటా. ఇంకో సంగతి, ట్యూబ్‌లెస్‌గా వాడిన టైర్లో ట్యూబు వేసేవాళ్ళు జాగ్రత్త. మన రోడ్ల పక్కన పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. ట్యూబ్‌లెస్‌లో అవి దిగినా సీలెంట్ మూసేస్తుంది, మీకు తెలియదు కూడా. ముల్లు మొన మాత్రం లోపల నిలబడే ఉంటుంది. ట్యూబు వేసి డ్రమ్ము ఎక్కిస్తే సెకనుకి ఎనిమిదిసార్లు ఆ మొనని డ్రమ్ము లోపలికి కుడుతుంది. పది నిమిషాల్లో పంచర్. వేసే ముందు లోపలంతా దూదితో తుడవండి, దూది పీచు తగులుకున్నచోట ముల్లు ఉన్నట్టు. వేలితో తడిమితే వేలికే దిగుతుంది.

ట్యూబ్‌లెస్‌లోనే ఉంచేవాళ్ళు కూడా బయట తిరిగొచ్చిన టైరుని తడిగుడ్డతో తుడిచి, పైన గుచ్చుకున్న రాళ్ళూ పెంకులూ తీసేసి ఎక్కండి. టైరుకీ మంచిది, డ్రమ్ముకి గీతలూ పడవు. తీసేటప్పుడు 'సుయ్' మంటే ఆ చోటు అడుక్కి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగండి, మూసుకుంటుంది.

చలిదేశం:

మిన్నెసొటా నుంచి. మూడు డ్రమ్ములు గారి రిమ్ములు హుక్ ఉన్నవి కాబట్టి వారికి ఇది వర్తించదు, కానీ ఇది చదివి హుక్‌లెస్ రిమ్ములున్నవాళ్ళు 80 కొట్టేయగలరని రాస్తున్నా. హుక్‌లెస్‌కి గరిష్ఠం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. ఆపైన బీడ్ ఊడి టైరు ఎగిరిపోవచ్చు. కొన్ని రిమ్ములకీ టైర్లకీ హద్దు ఇంకా తక్కువ, రాసింది చదవండి.

ఇక్కడ చలికాలంలో గరాజ్‌లో 5 డిగ్రీల దగ్గర 70 కొట్టి, వెచ్చటి బేస్‌మెంట్‌లోకి తెచ్చి తొక్కితే టైర్లో గాలి 35 డిగ్రీలకి చేరేసరికి 79 అవుతుంది. కొట్టింది హద్దులోపే, తొక్కేది హద్దు దాటి. హుక్‌లెస్ వాళ్ళు తొక్కే గదిలోనే గాలి కొట్టి, 62–65 దగ్గర ఆపేస్తే వేడికి పెరిగినా ఇబ్బంది లేదు. టైరు కాస్త బరువుగా దొర్లుతుంది. రోలర్స్ ఎక్కేదే కష్టపడటానికి కదా, గేరు ఒకటి తగ్గించండి.

మూడు డ్రమ్ములు:

చేసినవి రాస్తున్నా. వాల్వు మొన నొక్కితే బుడగలు మారలేదు, కాబట్టి టేపే విప్పాను. చిరుగు నిపుల్స్ దగ్గర కాదు, వాల్వు బెజ్జం అంచున, కత్తి కోత నుంచి అర సెంటీమీటరు పాకింది. తడి గుడ్డ గారు చెప్పినట్టే. 25 మి.మీ. టేపు వేసి, రాత్రంతా ట్యూబుతో ఉంచి, 40 మి.లీ. కొత్త సీలెంట్ పోశా. టైరు లోపల అరచేయంత గడ్డ దొరికింది, వంటింటి కాటాలో 9 గ్రాములు. పల్లేరు ముల్లు కూడా ఒకటి.

80 కొట్టి, 45 నిమిషాలు తొక్కి, మర్నాడు సాయంత్రం అదే గదిలో చూస్తే 78. దడ మొదటి అర నిమిషమే. గోడ మీద చుక్కలు రెండు ఇంకా వస్తున్నాయి, ఇవాళ మళ్ళీ బకెట్టు మీద పడుకోబెడతా.

నల్ల పొడి సంగతి ఎవరూ చెప్పలేదు.

తడి గుడ్డ:

78 అంటే గొట్టంలోకి పోయింది తీసేస్తే ఇక లీకు వెతకక్కర్లేదు.

నల్ల పొడి రబ్బరే. డ్రమ్ముల కింద చీపురుతో ఊడిస్తే చిటికెడు వచ్చేంతవరకూ మామూలే. గుప్పెడు వస్తుంటే డ్రమ్ములు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కొలత టేపుతో రెండు చివర్లా కొలవండి. రెండు వైపులా కొలత ఒకటే రావాలి, 2 మి.మీ. తేడా ఉన్నా టైరు అడ్డంగా రాసుకుంటూ తిరుగుతుంది. గాలి తక్కువైనా పొడి ఎక్కువవుతుంది. బూడిద రంగులో మెరుస్తూ ఉంటే అది డ్రమ్ము అల్యూమినియం, టైర్లో ఇసుక ఉండిపోయిందన్నమాట.

వెనక టైరు నడినెత్తి చదునవుతుంది, దాన్ని ఆపలేం. వేలితో అడ్డంగా రాస్తే చదును అంచు తగిలేంత అయితే రోడ్డు మీద మలుపుల్లో పట్టు మారుతుంది. అలాంటిదాన్ని రోలర్స్‌కే ఉంచేసి బయటికి కొత్తది వేసుకోండి. చెమట వాల్వు మీద పడకుండా టాప్ ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) మీద తువ్వాలు వేయండి, ఉప్పుకి నట్టు పట్టేస్తుంది.